రంపం వంకర తీసిన కోడలు

కుక్కతోక వంకర ఎవరూ తీయలేరని సామెత. నిజమే కావచ్చు, నేను కుక్క జోలికి పోలేదు. నేను తీసింది మా మామ రంపం వంకర. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను చేసిన ఆ ఘనకార్యం వల్ల ఒక వేపమాను మొండికేసింది, ఒక కోడి ప్రాణం పోయింది, మా ఆయన పదిమంది చూస్తుండగా గాలిలో వేలాడాడు, కుప్పం చేరాల్సిన నా కాపురం పుంగనూరులోనే కూలబడేంత పనయింది. ఇప్పుడు బోసినోటితో చెబుతున్నాను కాబట్టి మీకు నవ్వొస్తుంది. నవ్వండి, నేనేమీ అనుకోను.

ముందు నా సంగతి చెప్పాలి. లేకపోతే నన్ను ఉత్త తెలివితక్కువదాన్ననుకుంటారు. నాకున్న తెలివే నా కొంప ముంచింది.

మాది మదనపల్లె. మా నాయన మగ్గం నేసేవాడు. మగ్గంలో పన్నె అని ఒకటుంటుంది, పొడుగాటి దువ్వెన అనుకోండి. దాని పళ్ళ సందుల్లోంచే పోగులన్నీ పోవాలి. ఒక్క పన్ను పక్కకు ఒరిగినా చీర పొడుగునా గీత పడుతుంది, కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆ పళ్ళను కనిపెట్టుకుని ఉండటమే నా పని. ఒక కన్ను మూసి, రెండో కన్నుతో ఈ కొస నుంచి ఆ కొసకు చూసి, ఒరిగినదాన్ని నిటారుగా నిలబెట్టేదాన్ని. "మా సంతోసమ్మ కంటికి వంకర దాగదు" అని మా నాయన వచ్చినవాళ్ళందరితో చెప్పేవాడు. కన్నతండ్రి పొగడ్త తలకెక్కితే దిగడం చాలా కష్టం.

అలాంటి నన్ను తీసుకుపోయి రంపంకోత వాళ్ళింట్లో ఇచ్చారు. పుంగనూరు వాళ్ళు. మాలాగే గుడికి పోయే క్రైస్తవులే, గుడి పెద్దలే కూర్చి చేసిన సంబంధం. మామ పేరు దానప్ప. కొడుకు ఏసురత్నం, అంటే మా ఆయన. పెళ్ళిలో ఆయన నా వైపు చూసి నవ్వితే ముందరి పళ్ళు రెండూ ఒకదానిమీదొకటి ఎక్కి కూర్చుని ఉన్నాయి. దేవుడి సన్నిధిలో నిలబడి అబద్ధం చెప్పకూడదు, నాకు ఆ క్షణమే చేతులు దురద పెట్టాయి.

ఆ ఇంటి పద్ధతి ఏమిటంటే, మగవాళ్ళు రంపం భుజాన వేసుకుని ఊళ్ళమ్మటి, అడవులమ్మటి పోతారు. నెలల తరబడి రారు. ఆడవాళ్ళు ఇంట్లో ఉంటారు. మా అత్త మార్తమ్మ అలాగే బతుకంతా రాగిచేలల్లో కలుపు తీస్తూ ఉండిపోయింది. తీసి తీసి ఆమె నడుము ముందుకు వంగిపోయి, నిలబడినా ఏదో వెతుక్కుంటున్నట్టే ఉండేది. నోరు మాత్రం నిటారుగా ఉండేది.

పెళ్ళయిన కొత్తల్లోనే కుప్పం అడవిలో పెద్ద పని కుదిరింది. మళ్ళీ ఎప్పుడొస్తారో తెలియదు. "నేనూ వస్తాను, వండిపెడతాను" అన్నాను.

"నేతోళ్ళ పిల్ల అడివికి పోయి ఏం జేస్తాదే? నీడపట్టున కూసోని పెరిగిన దానివి. ఒక్క దినానికే ఏడ్సుకుంటా వస్తావు" అంది అత్త.

"ఏడ్వను అత్తా. ఏడ్సినా రాను."

"సూసినావా, ఎదురుమాట!"

మామ మధ్యలో తగులుకుని తీర్పు చెప్పాడు. "ముందర నిమ్మనపల్లె కాడ వెంకటప్పోళ్ళ యాపమాను కొయ్యాల. ఆడికి రానీ. ఆ కోత అయ్యేదాకా సూస్తాం. పనికొచ్చిందా, కుప్పానికి పిల్సకపోతాం. లేదా, పుంగనూర్లో దింపేసి పోతాం. అంతే."

ఆ తీర్పు మీద నా కాపురం ఉందండీ. వేపమాను కోత సాఫీగా సాగితే మా ఆయనతో కుప్పం. లేకపోతే అత్తతో రాగిచేను.

ఇక రంపం సంగతి. మీరు వడ్రంగి చేతిలో రంపం చూసి ఉంటారు. అది దీనికి మనవరాలు కూడా కాదు. నిలబెడితే నాకంటే పొడుగు, మా ఆయనకంటే కూడా పొడుగు. రెండు కొసలా రెండు పిడులు. మానును, జంట కొయ్యలను కత్తెరలా కట్టి నిలబెట్టిన కత్తెర కాళ్ళ మీదికెత్తి, ఒకడు మాను మీద నిలబడి, ఒకడు కింద నిలబడి, నిలువునా లాగుతారు. అది యుద్ధం జరుగుతున్న కాలం. మంచి ఉక్కు అంగట్లో దొరికేది కాదు. రంపం విరిగితే ఇంకో రంపం లేదు, పన్ను విరిగితే ఇంకో పన్ను లేదు. అందుకే మామ దాన్ని కన్నకొడుకు కంటే భద్రంగా చూసేవాడు. మా అత్త తలకు లేని ఆముదం రంపానికి పూసేవాడు. కొడుకు కటికనేల మీద పడుకున్నా పట్టించుకోడు, రంపం మాత్రం గోనెపట్టా మీదే పడుకోవాలి.

నిమ్మనపల్లె చేరి మాను దగ్గరే దిగాం. ఆ శనివారం సాయంత్రం మామ రంపానికి పదును పెట్టాడు. పళ్ళు ఆకాశానికి చూసేట్టు దాన్ని ఒక చీలిన మొద్దులో బిగించి, నడుముకు కట్టుకున్న సంచిలోంచి ఆకురాయి తీశాడు. ఆకురాయి అంటే రాయి కాదు, ఇనుమును అరగదీసే ఇనుప కడ్డీ. ఒక్కో పన్ను మీదా దాన్ని తోస్తుంటే కీచుమని ఒక కూత. కొంచెం తోసేసరికి ఆ కూత మారుతుంది. మారగానే మామ ఆపేసి పక్క పన్నుకు పోతాడు. కళ్ళు మూసుకునే చేస్తున్నాడు! చెవితో పదును పెట్టే మనిషిని నేను అంతవరకూ చూడలేదు. గుట్ట మీద మేకలు మేపేవాళ్ళు కూడా ఆగి వింటున్నారు. అయిపోయిన పళ్ళ మీద పొద్దు పడితే కొండ అంచున నిప్పంటుకున్నట్టు మెరిసింది. నేను బిందె నేల మీద పెట్టేసి నోరు తెరుచుకుని నిలబడ్డాను.

"నోట్లో ఈగలు పోతాయి అమ్మీ, నీళ్ళకి పో" అన్నాడు మామ.

పోయాను. ఆ పోవడమే తప్పయింది. నేను నీళ్ళకు పోయిన తర్వాత మామ ఇంకో పని చేశాడు. అది నేను చూడలేదు. చూసి ఉంటే ఈ కథ లేదు.

మర్నాడు ఆదివారం. మా వాళ్ళు ఆదివారం రంపం ముట్టరు. మగవాళ్ళిద్దరూ తెల్లవారగానే గుడికి నడిచిపోయారు. సామాను కాపలాకు నన్నుంచారు. సంకటి కెలికేశాను, పులుసు కాచేశాను. ఇంకేం చేయాలి? కాస్త దగ్గరగా చూద్దామని గోనెపట్టా విప్పాను.

ఏం చెప్పమంటారు! అలవాటు ప్రకారం ఒక కన్ను మూసి కొస నుంచి చూశాను కదా, ఒక్క పన్నూ నిటారుగా లేదు. ఒకటి కుడివైపుకు ఒరిగింది, దాని పక్కది ఎడమవైపుకు ఒరిగింది, మళ్ళీ ఒకటి కుడికి, మళ్ళీ ఒకటి ఎడమకు. ఆ కొసదాకా ఇదే వరస. పోట్లాడుకున్న తోడికోడళ్ళలాగా తలోవైపు తిరిగి కూర్చున్నాయి.

'అయ్యో పాపం' అనుకున్నాను. 'గట్టి మాన్లు కోసి కోసి పళ్ళు ఒరిగిపోయాయి. ముసలాయన కళ్ళు మూసుకుని పని చేస్తే ఎలా కనబడుతుంది? కొడుకు కింద నిలబడి రంపపు పొట్టు కళ్ళల్లో కొట్టించుకునేవాడు, ఆయనకసలే కనబడదు. ఈ ఇంటికి కన్నున్నదాన్ని నేనే కదా దొరికాను!'

రంపాన్ని ఈడ్చుకుని బండ దగ్గరికి తెచ్చాను. పనిముట్ల సంచిలోంచి చిన్న సుత్తి తీశాను. ఉక్కు మీద గాటు పడకుండా పాతగుడ్డ మడిచి పన్ను మీద పెట్టి, మెల్లగా తట్టాను. ఒరిగిన పన్ను బుద్ధిగా లేచి నిలబడింది. ఆహా! ఇంకోటి. ఇంకోటి. నెత్తిన ఎండ మాడ్చేస్తోంది, పులుసు మాడుతున్న వాసన కూడా వస్తోంది, నాకేమీ పట్టలేదు. అన్నీ అయ్యాక కన్ను మూసి చూస్తే పళ్ళన్నీ ఒక్క పన్నులాగా కనబడ్డాయి. మా నాయన ఉంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. ఆముదం పూసి, గోనెపట్టా చుట్టి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. కోత ఝామ్మని సాగినప్పుడు చెబుదామని నా ఎత్తు. ఆదివారం పని చేయకూడదని పాస్టరుగారు ఎన్నిసార్లు చెప్పారో. చేసి తగలబెట్టాను చూడండి.

సోమవారం పొద్దున ఊరి మగవాళ్ళంతా పట్టి వేపమానును కత్తెర కాళ్ళ మీదికెత్తారు. అబ్బ, ఏం మాను! పడుకునే ఉన్నా నా తల దాటి ఉంది. దాని చేవ చూసి ఊరి ముసలివాళ్ళు కూడా ముక్కున వేలేసుకున్నారు. దాంట్లోంచి కోసే దూలం కోసమే వెంకటప్ప ఇంటి కప్పు విప్పేసి కూర్చున్నాడు. పడమట మబ్బులు కమ్ముతున్నాయి. ఇంట్లో బిడ్డాపాపా, దూడలూ అన్నీ ఆకాశం కిందే ఉన్నాయి. "వాన లోపల దూలం నీ చేతికిస్తా" అని మామ మాటిచ్చి ఉన్నాడు.

మామ మాను మీదికెక్కాడు. మా ఆయన కింద నిలబడ్డాడు. బొగ్గుదారంతో గీత కొట్టారు, దండం పెట్టుకున్నారు, రంపం దించారు.

జానెడు పోయింది. ఆగింది.

"లాగరా!"

"లాగతానే ఉండాను నాయనా!"

"అన్నం తిన్లేదా పొద్దున?"

"మాడిన పులుసు తిన్నా. దాని బలం ఇంతే!"

ఈ మాట నాకు తగిలింది కానీ ఊరుకున్నాను. మా ఆయన పిడి పట్టుకుని రెండు కాళ్ళూ నేల మీది నుంచి ఎత్తేసి వేలాడాడు. రంపం కదల్లేదు. మనిషి మాత్రం అటూ ఇటూ ఊగాడు. చూడ్డానికొచ్చిన పిల్లలు నవ్వారు.

"ఇంకోటి సూస్తివా నాయనా, పొట్టే రాలలే. కండ్లల్లో ఒక్క నలుసు పడలే ఈపొద్దు" అన్నాడు మా ఆయన ఊగుతూనే. అది నా గొప్పే అనుకుని లోపల్లోపల మురిసిపోయాను.

సందులో ఆముదం పోశారు, కోత విచ్చుకునేందుకు చెక్క చీలికలు కొట్టారు. మాను రంపాన్ని పట్టుకున్న పట్టు వదల్లేదు. వెంకటప్ప తువ్వాలు తలకు చుట్టుకుని ముందుకొచ్చాడు.

"దానప్పా, నేను ముందే అనుకున్యా. యాపమాను గదప్పా. అమ్మోరుండాది దాంట్లో. ఒక కోడిని కోద్దాం."

"మేము ఏసయ్యని నమ్మినోళ్ళం వెంకటప్పా. కోడి గీడి మాకాడ కుదర్దు."

"నువ్వు నమ్మినావు సరే. మాను నమ్మిందా?"

మామ పైనుంచి మబ్బుల వైపు చూశాడు. వెంకటప్పే దారి చూపించాడు. "పోనీ అమ్మోరికి వద్దు. మధ్యాన్నం కూరకి కోస్తే నీకేమన్నా తప్పా?"

మామ మబ్బుల మీంచి చూపు దించాడు. "కూరకైతే తప్పేం లేదు" అన్నాడు.

కోడిని కోశారు. ఎవరి దేవుడికి వాళ్ళు దండం పెట్టుకున్నారు. లాగారు. రంపం ఎక్కడిదక్కడే.

అప్పుడు మా ఆయన, పాపిష్టి నోరు, ఒక మాట జారాడు. "నాయనా, తప్పు రంపానిదేమో. శనివారం పదును సరిగ్గా పడలేదేమో."

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను ఎండలో మాడి దిద్దిన రంపానికి వంక పెడతాడా! గుంపును తోసుకుని ముందుకు పోయాను.

"రంపానిది తప్పని అనద్దండి! పదును మామ పెట్టినాడు. వంకరపోయిన పళ్ళన్నీ నిన్న నేనే సరిజేసినా. ఒక్కటీ మిగలకుండా నిటారుగా నిలబెట్టినా. తప్పంటే మానుదే!"

అంతే. మా ఆయన పిడి వదిలేశాడు. మామ మాను మీద నిలబడినవాడు నిలబడినట్టే ఉండిపోయాడు.

"ఏం జేసినా నంటివి అమ్మీ?"

"సరిజేసినా మామా."

"అన్నీనా?"

"అన్నీ."

మామ కిందికి దిగాడు. అందరూ చేరి చీలికలు కొట్టి కొట్టి, ఎలాగో రంపాన్ని పైకి లాగారు. ఆయన దాన్ని ఆకాశం వైపు ఎత్తి, ఒక కన్ను మూసి, కొస నుంచి చూశాడు. నేను చూసినట్టే. ఎంతకీ రంపం దించడే!

"రంపం పన్ను వంకరగా యాల ఉంటాదో తెల్సునా అమ్మీ నీకు?" అన్నాడు చివరికి. గొంతులో కోపం లేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది. "ఇరుకు సందులో పోయే మనిషి రెండు మోచేతులూ ఎడం పెట్టుకోని దోవ జేసుకోని పోతాడు. ఒక పన్ను ఈపక్క తోస్తాది, ఒక పన్ను ఆపక్క తోస్తాది. అప్పుడే నడుమ రంపానికి దోవ. నువ్వు దాని మోచేతులు రెండూ ఒంటికి కట్టేసినావు. ఇంగ యాడికి పోతాది?"

శనివారం నేను నీళ్ళకు పోయాక ఆయన చేసింది ఆ వంకరలు పెట్టడమేనట! కళ్ళ ముందు పుంగనూరు, రాగిచేను, అత్త నోరు అన్నీ కనబడ్డాయి. భోరున ఏడ్చేశాను. "నన్ను ఇంటికాడ దింపద్దు మామా. తెలీక చేసినా" అని ఆయన కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాను.

ఆయన నన్ను చూడటం లేదు. ఇంకా రంపాన్నే చూస్తున్నాడు. పళ్ళ మీద వేలు మెల్లగా పోనిస్తున్నాడు. "ఒరే ఏసురత్నం" అన్నాడు, గుడిలో మాట్లాడినంత మెల్లగా. "ఒక్క పన్ను ఇరగలేదురా. ఎనక్కి వంచితే పటుక్కున ఇరిగిపోయే ఉక్కు ఇది. మా నాయన ఇరిసినాడు, నేను ఇరిసినా. ఒక్కటన్నా ఇరగలేదు సూడు!"

సంచిలోంచి గాటు ఉన్న ఇనుప పట్టీ ఒకటి తీసి నా ముందు పెట్టాడు. "ఏడ్సింది సాలు. సరిజేసిన సెయ్యే వంకర జెయ్యాల. ఒకటి ఈపక్కకి, ఒకటి ఆపక్కకి. ఈ గాట్లో పన్ను పెట్టి ఒక్క రవ్వ వంచు. జాస్తి వంచితే ఇరిగిపోతాది."

ఊరంతా చుట్టూ నిలబడి చూస్తుండగా కూర్చున్నాను. మొదటి పన్నును విరుగుతుందేమోనని భయం భయంగా వంచాను. తర్వాత వేళ్ళకు ఏదో పాత సంగతి గుర్తుకొచ్చింది. ఒకటి ఇటు, ఒకటి అటు. మగ్గం మీద పోగులు ఒకటి పైకి, ఒకటి కిందికి పోయే వరసే కదా ఇది! ఇక చేతులు ఆగలేదు. మబ్బు మాత్రం దగ్గరికొస్తూనే ఉంది. వెంకటప్ప ఒకసారి దాన్ని, ఒకసారి నన్ను చూస్తూ పచార్లు చేశాడు.

కడపటి పన్ను వంచి తల ఎత్తాను. మామ కన్ను మూసి చూశాడు.

"సూది ఉండాదా నీకాడ?"

మగ్గం ఇంటి ఆడదాని దగ్గర సూది లేకుండా ఉంటుందా? రవికకు గుచ్చి ఉన్నది తీసి ఇచ్చాను. మామ రంపాన్ని పళ్ళు పైకి పెట్టి, ఒక పక్క కొంచెం ఎత్తి పట్టుకోమని మా ఆయనకు చెప్పాడు. కుడికి వంగిన పళ్ళ వరస ఒక గట్టు, ఎడమకు వంగిన పళ్ళ వరస ఒక గట్టు, రెండింటి నడుమ సన్నని కాలువ. ఆ కాలువలో పై కొసన సూదిని పెట్టి వదిలాడు.

సూది కదిలింది. జారింది. ఒక్క పన్ను ముందుకో వెనక్కో ఉంటే అక్కడే పక్కకు పడిపోతుంది. పడలేదు. ఎండకు మినుకుమినుకుమంటూ, ఎవరో చెయ్యి పట్టి నడిపిస్తున్నట్టు ఆ కాలువ వెంట ఆ కొస నుంచి ఈ కొసదాకా జారి వచ్చి, కింద నేను పట్టిన అరచేతిలో పడింది. వెంకటప్ప తలమీది తువ్వాలు తీసేశాడు. ఇంత బతుకు బతికి ఎన్నో చూశాను కానీ, ఆ సూది నడిచిన నడకంత అందమైనది నేను మళ్ళీ చూడలేదు. చేసింది నా చేతులే అని నమ్మబుద్ధి కాలేదు.

ఆ తర్వాత రంపం మానులోకి దిగింది. ఝుం ఝుమ్మని ఒకటే మోత. పొట్టు వానలా రాలి మా ఆయన మొహం కనబడకుండా పోయింది. వాన మొదటి చినుకులు పడేసరికి దూలం వెంకటప్ప చేతిలో ఉంది. ఆయన చచ్చేదాకా ఆ రంపాన్ని కదిలించింది కోడే అని చెప్పుకున్నాడు. మేము కూర తిన్నాము కాబట్టి ఎదురు చెప్పలేదు.

పుంగనూరు చేరాక అత్త వాకిట్లోనే నిలదీసింది. "ఏమైంది? ఏడ్సిందా లేదా?"

"ఏడ్సింది" అన్నాడు మామ.

"నేను సెప్పలే? దింపేసి పో ఇంటికాడ."

"అయ్యో, ఇంటికాడ వద్దు మే!" అన్నాడు మామ రెండు చేతులూ అడ్డం పెట్టి. "అడివిలోనే ఉండనీ. ఈ పిల్లకి వంకర కంటబడితే సుత్తి దొరికేదాకా నిద్ర పట్టదు. ఈడ ఇడిసిపెట్టి పోతే, మేం వచ్చేలోపల నిన్ను బండ మీద పండబెట్టి నీ నడుము సరిజేస్తాది!"

అత్త గబుక్కున నడుము మీద చెయ్యి వేసుకుని రెండడుగులు వెనక్కి వేసింది. నా మూట ఆమే కట్టి ఇచ్చింది. మర్నాడే నేను కుప్పం దారి పట్టాను. ఆ రంపం ఉన్నన్నాళ్ళూ దాని పళ్ళకు వంకర పెట్టే పని నాదే.

ఇందుమూలంగా నా కూతుళ్ళూ, కోడళ్ళూ, ఇది వింటున్న మీరందరూ సాక్షిగా నేను ఒట్టు పెట్టుకున్నదేమిటంటే: ఈ భూమ్మీద వంకరగా కనబడిన ఏ వస్తువునూ, ఏ మనిషినీ, అది ఎందుకు వంకరగా ఉందో అడిగి తెలుసుకోకుండా ముట్టను గాక ముట్టను. ఆదివారం అయితే అసలే ముట్టను. ఈ ఒట్టు నిలబెట్టుకోవడం ఎంత కష్టమో మీకు తెలియదు. మా ఆయన ఎదురుగా కూర్చుని నవ్వినప్పుడల్లా ఆ ముందరి పళ్ళు రెండూ ఒకదానిమీదొకటి ఎక్కి నన్ను పిలిచేవి. నేను చేతులు వెనక్కి కట్టుకుని లేచి, గోనెపట్టా విప్పి, రంపం దగ్గర కూర్చునేదాన్ని.